ఊడదీసిన ఫుట్‌రెస్ట్‌కు కుర్చీ మీదే చోటివ్వండి

కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ మంత్రిగారికి,



ఏ పెద్దాసుపత్రి వరండాలోనైనా కాసేపు నిలబడి అక్కడి వీల్‌చైర్ల కిందికి చూడండి. రెండు ఫుట్‌రెస్టులూ ఉన్న కుర్చీ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. కొన్నిటికి ఒకటే ఉంటుంది. కొన్నిటికి ఒక్కటీ ఉండదు. వాటిలో కూర్చున్నవాళ్లు కాళ్లను గాలిలో ఎత్తిపట్టుకునో, నేలమీద ఈడ్చుకుంటూనో ఎక్స్‌రే గదికి వెళ్తుంటారు. ఆ ఫుట్‌రెస్టుల్లో చాలావరకు విరిగిపోయినవి కావు. రోగిని దించడానికి ఎవరో తీశారు, గోడవారగా పెట్టారు, కుర్చీ ఒక వార్డుకు వెళ్లింది, ఫుట్‌రెస్ట్ ఉన్నచోటే ఉండిపోయింది. ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. ఇంట్లో అయితే అది మంచం కిందికి చేరుతుంది, అక్కడినుంచి అటకెక్కుతుంది, చివరికి పాత ఇనుప సామాన్లతో కలిసి వెళ్లిపోతుంది.

మీ శాఖ దేశమంతటా శిబిరాలు పెట్టి వీల్‌చైర్లు పంచుతోంది. 1981లో మొదలైన ఎడిప్ పథకం కింద వికలాంగులకు ఇస్తున్నారు. అరవై ఏళ్లు దాటిన పేదల కోసం తెచ్చిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మా నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. కుర్చీలు తయారుచేసే అలింకో 1972లో కాన్పూర్‌లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, మీ శాఖ కిందే పనిచేస్తుంది. దేశంలో ఏ కుర్చీ ఎలా ఉండాలో, దానితోపాటు ఏమేమి ఇవ్వాలో ఒక కాగితం మీద రాసి అమలు చేయించగల అధికారం మీకున్నంతగా మరెవరికీ లేదు. అందుకే మీకు రాస్తున్నాను. తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఈ మాట మీతోపాటు మా జిల్లాల్లో శిబిరాలు నడిపే అధికారులకు, ఫిజియోథెరపిస్టులకు, ఇంట్లో కుర్చీ తోసే కొడుకులకు, కోడళ్లకు కూడా చేరాలి.

నేను అడిగేది చిన్నది. కుర్చీ నుంచి ఊడివచ్చే ప్రతి భాగానికీ ఆ కుర్చీ మీదే ఒక చోటు ఉండాలి. ఆ చోటు దాన్ని వాడే మనిషికి అందాలి.

అసలు ఈ భాగాలు ఊడేలా ఎందుకు చేశారో తెలిస్తేనే అవి పోతే ఏమవుతుందో తెలుస్తుంది. మడిచే ఉక్కు గొట్టాల కుర్చీని 1933లో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు స్నేహితులు తయారుచేశారు. ఎవరెస్ట్ గని ప్రమాదంలో నడుము దెబ్బతిన్న ఇంజనీరు. కారులో పట్టే కుర్చీ కావాలన్నది ఆయన అవసరం. సీటు కింద ఇంటూ గుర్తులా అడ్డంగా పోయే కడ్డీలతో ఇవాళ మన ఊళ్లలో తిరిగే కుర్చీలన్నీ ఆ నమూనా సంతానమే. మడిచినా ముందుకు పొడుచుకొచ్చే ఫుట్‌రెస్టులు ఆటోలో పట్టవు, అందుకని అవి ఊడాలి. మంచం మీదినుంచి పక్కకు జరిగి కుర్చీలోకి రావాలంటే ఆర్మ్‌రెస్ట్ అడ్డం, అందుకని అదీ ఊడాలి. మరుగుదొడ్డి గుమ్మం ఇరుకు. గడప దాటించేటప్పుడు వెనక్కి పడకుండా కాపాడే చిన్నచక్రాలు తగులుతాయి, అవీ తీయాల్సిందే. ఖరీదైన కుర్చీల్లో పెద్ద చక్రాలే ఒక బొత్తాం నొక్కితే చేతిలోకి వచ్చేస్తాయి. ఇదంతా మంచి ఏర్పాటు, ఎన్నో ఏళ్ల అనుభవంలోంచి వచ్చిన తెలివి. కాకపోతే తీసే సౌకర్యం గురించి ఆలోచించినంతగా తీసినదాన్ని పెట్టే చోటు గురించి ఆలోచించలేదు.

మా అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అప్పటినుంచి ఈ భాగాలతోనే నా రోజులు గడుస్తున్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఒకవైపు పడిపోయినవాళ్లు వీల్‌చైర్‌ను రెండు చేతులతో తోసుకోలేరు. మంచివైపు చేత్తో చక్రాన్ని తిప్పుతూ, అదే వైపు కాలిని నేలకు ఆనించి లాక్కుంటూ ముందుకు వెళ్తారు. ఆ కాలికి నేల అందాలంటే అటువైపు ఫుట్‌రెస్ట్ తీసేయాలి. అమ్మ విషయంలో కుడిది. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ ఫుట్‌రెస్ట్ పనికిరాని వస్తువు. గడప దాటి వీధిలోకి రాగానే అది లేకపోతే ప్రమాదం. వెనకనుంచి ఎవరో వేగంగా తోస్తుంటే, కుడికాలు అలసి కిందికి జారి రోడ్డుకు తగిలితే, పాదం కుర్చీ కిందికి మడతపడుతుంది, ముందు చిన్నచక్రం ఆగిపోతుంది, మనిషి ముందుకు పడిపోతుంది. అంటే రోజులో ఎక్కువసేపు అక్కర్లేనిదీ, అవసరమైనప్పుడు తప్పనిసరిగా చేతిలో ఉండాల్సిందీ ఒకటే భాగం. అన్నిటికంటే ముందు పోయేది అదే. పక్షవాతం వచ్చినవాళ్లకు కుర్చీ ఇచ్చే ప్రతి శిబిరంలోనూ ఈ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

ఆర్మ్‌రెస్ట్ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. పడిపోయిన చెయ్యికి కింద ఆధారం లేకుండా వేలాడితే దాని బరువుకే భుజం కీలు జారుతుంది, భరించలేని నొప్పి మొదలవుతుంది. చెయ్యి ఆనించుకునే ఆ పలకే ఆ కీలును నిలబెడుతుంది. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు దాని అవసరం వేరు. వాళ్లు గంటల తరబడి కూర్చుంటారు, కింద స్పర్శ ఉండదు. రెండు ఆర్మ్‌రెస్టుల మీద చేతులు మోపి, పిరుదులను మధ్యమధ్యలో పైకి లేపుకుంటే అక్కడ రక్తం ఆడుతుంది, పుండు పడే ముప్పు తగ్గుతుంది. ఒక ఆర్మ్‌రెస్ట్ పోతే ఆ పని కష్టమవుతుంది. ఫుట్‌రెస్ట్ లేకపోయినా పుండు ముప్పు ఉంది. పాదాలకు ఆసరా పోతే వాటి బరువంతా తొడల మీద పడుతుంది, మనిషి నడుము ముందుకు జారుతుంది, వెనక ఎముక దగ్గర చర్మం రాసుకుంటుంది. మధుమేహంతో, కుష్ఠుతో పాదాల్లో స్పర్శ పోయినవాళ్ల కాలు రోడ్డుమీద ఈడ్చుకుపోతున్నా వాళ్లకు తెలియదు. ఇంటికొచ్చాక రక్తం చూసి తెలుసుకుంటారు. సీటు మీద వేసే దిండు సరేసరి. అది ఊడే భాగాల్లోకెల్లా మెత్తనిది కాబట్టి ఎవరూ దాన్ని భాగంగా లెక్కించరు. ఉతికి ఆరేసి మరిచిపోతారు, లేకపోతే ఇంకెవరో తలకింద పెట్టుకుంటారు.

పోయినదాన్ని విడిగా కొనుక్కోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కుక్కర్ గ్యాస్కెట్, దాని విజిల్, దాని పిడి మా ఊరి సంతలో కూడా విడివిడిగా దొరుకుతాయి. వీల్‌చైర్ ఫుట్‌రెస్ట్ దొరకదు. ఒక తయారీదారు గొట్టం లావు ఇంకొకరికి కలవదు, కొక్కెం తీరు కలవదు, కుడిది ఎడమవైపుకు పనికిరాదు. అమ్మ కుర్చీ కొన్న దుకాణంలో అడిగితే కొత్త కుర్చీ తీసుకోమన్నారు. ఆ మాట ఒక్క దుకాణందే కాదు, కుర్చీ వాడే ఇళ్లవాళ్లెవరినడిగినా ఇదే చెబుతారు. కొందరు ఈ బాధ పడలేక, ఉన్న ఫుట్‌రెస్టులను వెల్డింగ్ షాపులో శాశ్వతంగా అతికించేస్తారు. ఇక అవి పోవు. మనిషిని మంచం మీదికి మార్చేటప్పుడు మాత్రం ఆ ఇనుప పలకలే పిక్కలకు గీసుకుని గాయాలు చేస్తాయి. కుర్చీ మంచానికి దగ్గరగా రాదు కాబట్టి ఎత్తేవాళ్ల నడుములూ పోతాయి.

పేదలకైతే మీ నిబంధన ఒకటి తోడవుతుంది. ఎడిప్ కింద ఒకసారి ఉపకరణం తీసుకున్నవాళ్లు అదే అవసరానికి మూడేళ్లపాటు మళ్లీ సాయం పొందలేరు. పన్నెండేళ్లలోపు పిల్లలకు అది ఏడాది. కుర్చీ దుర్వినియోగం కాకుండా ఆ నిబంధన పెట్టారని అర్థమవుతుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ కుర్చీ తీసుకున్న మర్నాడు ఆటోలో ఫుట్‌రెస్ట్ మరిచిపోయిన కూలిమనిషికి ఆ మూడేళ్లూ కాళ్లు ఈడ్చుకోవడమే మిగులుతుంది. భాగం పోయిందంటే కుర్చీ మళ్లీ అడుగుతున్నట్టు కాదు. ఈ రెంటినీ వేరుచేసి చూడండి.

ఇక చోటు గురించి. ఎక్కడ పెట్టాలన్నది ఎవరి చెయ్యి అందుకోవాలన్నదాన్ని బట్టి ఉంటుంది. దీన్ని తేల్చకుండా సంచి కుట్టించి ఇచ్చినా ఉపయోగం తక్కువ. వీపు వెనక, తోసే పిడులకు వేలాడే సంచి తోసేవాళ్లకు అందుతుంది, కూర్చున్నవాళ్లకు అందదు. అయినా ఫుట్‌రెస్టులకు సరైన చోటు అదే. ఎందుకంటే వాటిని తీసేదీ పెట్టేదీ ఎక్కువగా తోసేవాళ్లే. పైగా వాటి పొడవుకు ఇంకెక్కడా పట్టవు. సంచి మాత్రం వదులుగా వేలాడకూడదు. వీపు పట్టాకు అంటుకుని, రెండు అరలతో, పైన మూతతో, ఒక్కో అర ఒక ఫుట్‌రెస్ట్‌కు సరిపోయేంత లోతుతో ఉండాలి. వదులు సంచి కనిపిస్తే మనవాళ్లు అందులో కూరగాయలు, నీళ్లసీసాలు, మందుల ఫైళ్లు అన్నీ వేస్తారు. ఏటవాలు ర్యాంపు ఎక్కేటప్పుడు వెనక బరువు ఎక్కువై కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. పక్కన వేలాడదీస్తే చక్రం చువ్వల్లో ఇరుక్కుంటుంది. సీటు కింద కడితే మడిచేటప్పుడు అడ్డం వస్తుంది. ఇవన్నీ తెలిసిన దర్జీ ఊళ్లో దొరకడు. ఈ సంచిని కుర్చీతోపాటే ఫ్యాక్టరీలోనే కుట్టించాలి అని అడగడానికి కారణం ఇది.

కూర్చున్న మనిషి తన చేత్తో అందుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నడుముకు కట్టుకునే బెల్టు, పిక్కల వెనక పట్టీ, బిగించుకునే ఎల్-కీ, చేతితొడుగులు. వీటికి సీటు ముందంచు దగ్గర మంచిచేతి వైపు ఒక చిన్న జేబు చాలు. మంచిచేతి వైపు అన్నమాట ముఖ్యం. కుడిచేతివాటం అందరికీ ఒకేలా ఉంటుందనుకుని అన్ని జేబులూ కుడివైపు కుట్టేస్తే, కుడివైపు పడిపోయినవాళ్లు దాన్ని చూస్తూ కూర్చోవాల్సిందే. అటూ ఇటూ మార్చుకునేలా పట్టీతో అతికే జేబు పెట్టండి.

ఇంట్లో కుర్చీ ఆగే చోటు మంచం పక్కనే కాబట్టి, అక్కడ గోడకు కొక్కెం కావాలి. ఈ సంగతి నాకు అమ్మే చెప్పింది. నేను ఫుట్‌రెస్ట్‌ను జాగ్రత్తగా బీరువా పక్కన పెడుతుంటే, "జాగర్త సరేలే, నా చేతికందే చోట పెట్టమ్మా, ప్రతిదానికీ నిన్ను కేకేసేదెందుకు" అంది. ఒంటిచేత్తో దాన్ని తనే బిగించుకోలేదు. ముందుకు వంగితే పడే ప్రమాదం కూడా ఉంది. కానీ ఎక్కడుందో చూస్తూ ఉంటుంది, కొక్కెం నుంచి తీసి నా చేతికిస్తుంది. నేను లేనప్పుడు వచ్చినవాళ్లకు, ఇది ముందు పెట్టు, టక్కుమన్న శబ్దం వచ్చేదాకా లోపలికి తిప్పు, అప్పుడు నన్ను కదిలించు అని తనే చెబుతుంది. తన కుర్చీ మీద తనకు పెత్తనం వచ్చింది. మంత్రిగారూ, అందుబాటు గురించి అధికారులు మాట్లాడేటప్పుడు ఎక్కువగా ర్యాంపులు, లిఫ్టులు గుర్తుకొస్తాయి. గోడకు మోకాలికీ భుజానికీ నడుమ ఎత్తులో కొట్టిన ఒక మేకు కూడా ఆ జాబితాలో ఉండాలి.

ఈ లేఖ చదివే ఇళ్లవాళ్లకు ఇక్కడే ఒక మాట. చాలా కుర్చీల్లో ఫుట్‌రెస్ట్‌ను పూర్తిగా తీయకుండానే మీట నొక్కి పక్కకు తిప్పవచ్చు. మంచం మీదికి మార్చడానికి ఎక్కువసార్లు అది చాలు. తీయని భాగం పోదు. ఆ మీట ఎక్కడుందో ఇవాళే వెతకండి. కుడి ఫుట్‌రెస్ట్ మీద, కుర్చీ కుడి గొట్టం మీద ఒకే రంగు నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి, ఎడమవాటికి ఇంకో రంగు. మీ ఫోన్ నంబరు ప్రతి భాగం మీదా విడిగా రాయండి. కుర్చీ మీద ఒక్కచోట రాస్తే విడిపోయిన భాగానికి అది ఉపయోగపడదు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు తీసిన ఆర్మ్‌రెస్ట్‌ను మంచం మీద పెట్టకండి, దుప్పటితోపాటు వెళ్లిపోతుంది. విమానంలో వెళ్లే పెద్దవాళ్లుంటే, కుర్చీని సామాన్లలోకి ఇచ్చేముందు ఫుట్‌రెస్టులు, దిండు తీసి మీతో లోపలికే తీసుకెళ్లండి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఈ జాగ్రత్త మరీ అవసరం. అక్కడ దిగాక మన కుర్చీకి సరిపడే భాగం ఎక్కడా దొరకదు.

ఇళ్లవాళ్ల జాగ్రత్త ఒక మేరకే పనిచేస్తుంది. కుర్చీ పెట్టెలోంచి బయటికొచ్చేటప్పుడు ఫుట్‌రెస్టులు విడిగా కవర్లో చుట్టి ఉంటాయి. వాటిని బిగించి, ఆ మనిషి కాలి పొడవుకు సరిచేసి, తీసి, మళ్లీ పెట్టి చూపించి, చివరికి ఇంటివాళ్ల చేత ఒకసారి చేయించి పంపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు వీల్‌చైర్ ఇవ్వడాన్ని ఎనిమిది దశల పనిగా చెప్పాయి. కొలతలు తీయడం, అమర్చడం, వాడేవాళ్లకు నేర్పడం, తర్వాత మరమ్మతులు చూడడం అందులో భాగాలే. కుర్చీ చేతికివ్వడంతో ఆ పని పూర్తికాదు. మన దేశం 2007 అక్టోబర్ 1న ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 20వ అధికరణం కూడా ఉపకరణాలతోపాటు వాటిని వాడే శిక్షణను ఇవ్వాలని చెబుతోంది. తయారీదారులు కదలికకు సంబంధించిన అన్ని కోణాలనూ దృష్టిలో పెట్టుకునేలా ప్రోత్సహించమని ప్రభుత్వాలను అడుగుతోంది. ఊడిన భాగం ఎక్కడ ఉండాలన్నది ఆ కోణాల్లో ఒకటి కాదా?

శిబిరం రోజున రద్దీ ఉంటుంది, వేదిక మీద పెద్దలుంటారు, ఫొటోలుంటాయి, ఎండలో వృద్ధులు కూర్చుని ఉంటారు. అందరికీ విడిగా నేర్పే తీరిక ఉండదని అనవచ్చు. తీరిక లేకపోతే శిబిరాన్ని రెండు రోజులు చేయండి. అదీ కుదరకపోతే బొమ్మలతో తెలుగులో అచ్చువేసిన ఒక గట్టి అట్టను సీటుకు కట్టి పంపండి. చదువురాని వాళ్లకూ తెలిసేలా కుడి, ఎడమ, తీయడం, దాచడం, పెట్టడం, నాలుగైదు బొమ్మల్లో చెప్పేయవచ్చు.

సంచికి, జేబుకు, అట్టకు డబ్బెక్కడిదని మీ అధికారులు అడిగితే, ఫుట్‌రెస్ట్ పోయిందన్న కారణంతో మూలనపడ్డ కుర్చీలను జిల్లాకొకచోట లెక్కపెట్టించండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది, వాళ్లలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లే 54 లక్షలమంది. పక్షవాతంతో, వయసుతో కుర్చీ పట్టినవాళ్లలో చాలామంది ఆ లెక్కలోకి రాకపోయి ఉండవచ్చు. ఇంతమందికి సరఫరా చేసే వ్యవస్థలో ఒక గుడ్డ సంచి ఖర్చు పెద్దది కాదు. దాన్ని ఇప్పటిదాకా ఎవరూ అడిగినట్టు లేదు, అంతే.

అందుకని నా విన్నపం ఇది. ఇకమీదట మీ శాఖ డబ్బుతో కొనే, తయారయ్యే ప్రతి వీల్‌చైర్ నిర్దేశాల్లో నేను పైన చెప్పిన వెనక సంచి, ముందు జేబు, తీసిన భాగం కింద పడినా కుర్చీని వదిలిపోకుండా పట్టుకునే పొట్టి నైలాన్ పట్టీ చేర్పించండి. కుర్చీ మీద ఉన్న సంఖ్యే దాని ప్రతి భాగం మీదా, కుడి ఎడమల గుర్తుతో సహా, చెరగకుండా అచ్చువేయించండి. గొట్టం కొలతలు, కొక్కెం తీరు అన్ని నమూనాలకూ ఒకటే చేయించండి. ఉపకరణాలు ఇచ్చే ప్రధానమంత్రి దివ్యాశా కేంద్రాల్లో, జిల్లా పునరావాస కేంద్రాల్లో ఫుట్‌రెస్టులు, ఆర్మ్‌రెస్టులు విడిగా నిల్వ ఉంచి, పోగొట్టుకున్నవాళ్లకు మూడేళ్ల నిబంధన అడ్డం పెట్టకుండా ఇవ్వండి. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు చాలు. దయచేసి అది ఇవ్వండి.

ఇట్లు,
నెల్లూరు జిల్లా నుంచి,
వీల్‌చైర్‌లో ఉన్న ఒక తల్లి కూతురు